ఆపిన పసరు

దున్నపోతు సింహం గుహకు బండలు లాగుతుంటే ఒకటి జారి దాని కాలు నుజ్జయింది. పుండు మానేదాకా సింహమే పసరు పోయించాలని అడవి పంచాయితీ చెప్పింది. ఆ పని కొంగకు అప్పజెప్పారు.

సింహం ఒప్పుకోలేదు. పంచాయితీకి పైనున్న పెద్ద తాబేలు దగ్గర మొర పెట్టుకుంది.

"తాబేలు తేల్చేదాకా పసరు ఆపమన్నారు," అని నక్క వచ్చి చెప్పింది.

"అయితే అందాకా ఈ పుండునీ ఆగమను, నక్క బావా," అంది దున్న.

పుండుకేం తెలుసు పంచాయితీలు? కొంగ మాత్రం భయపడి, గాయపాకు ముక్కున కరుచుకుని దూరంగా నిలబడిపోయింది.

వానలు వెలిశాక తాబేలు తల బయటపెట్టింది. "న్యాయం దున్నదే. పసరు పొయ్యండి."

కొంగ ఎగురుకుంటూ పోయింది. గడ్డిలో తెల్లటి ఎముకలు కనిపించాయి. ఆజ్ఞ ఆజ్ఞే కదా అని కాలి ఎముక మీద పసరు పిండింది.

"ఇంకాస్త పైన, కొంగక్కా," అంది ఎముక.