నలుగురూ చెప్పిన పేరు

నగరి లైబ్రరీలో రేడియో, ఫ్యాను, ఇస్త్రీపెట్టె, ఏది మొరాయించినా సలహా చెప్పేది నేనే. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ రెండుసార్లు.

ఆ రోజు మగ్గం నేసే కుప్పమ్మ కొత్త టేప్‌రికార్డరు చంకన పెట్టుకుని వచ్చింది.

“అన్నా, కువైట్ నుంచి మా ఇంటాయన మాటలు క్యాసెట్లో పంపినాడు. ఇది పలకలేదు. మా అత్త వినాలని కాసుకోనుండాది. రవ్వంత సూడు.”

పేపర్లు చదివేవాళ్లంతా తలలెత్తారు. ఇక నేను ఆగుతానా?

“కొత్త మిషన్లకు రెండు మీటలూ కలిపి నొక్కాలమ్మా” అని నల్లదీ ఎర్రదీ ఒకేసారి నొక్కాను. చక్రాలు తిరిగాయి. మాట వచ్చేలోగా మిషన్ల గురించి అరగంట ఉపన్యాసం దంచాను.

వెనక్కి తిప్పి వింటే క్యాసెట్ నిండా నా ఉపన్యాసమే. ఎర్రది రికార్డు మీట అని అప్పుడు తెలిసింది. ఆమె మొగుడి మాట ఒక్కటీ మిగల్లేదు.

“మా అత్తకు నువ్వే వచ్చి చెప్పన్నా” అంది కుప్పమ్మ.

వెళ్లి చెప్పాను. ముసలామె నా చదువునూ, నా మీసాలనూ, నన్ను కన్నవాళ్లనూ వరసపెట్టి తిట్టింది.

వాకిలి దాకా వచ్చి కుప్పమ్మ గొంతు తగ్గించింది. “ఏమనుకోవద్దన్నా. మగ్గం అమ్మేయమన్నాడు దాంట్లో. అత్త వినుంటే రేపే అమ్మేసేది. నాకు ఆ మగ్గమే బతుకు.”

“అంటే మిషన్ బాగానే పలికిందా?”

“బాగానే పలికింది. ఎవరి చేతికిస్తే చెడిపోతాదో అని నలుగుర్ని అడిగినాను. నలుగురూ నీ పేరే చెప్పినారు.”