మెషిన్ ఆగే ఏడు నిమిషాలు

"ఈ మెషిన్ ఎవరు ఆపమన్నారు?"

సూర్యారావు అరుపుకు షెడ్డులో సుత్తి చప్పుడు కూడా ఆగింది. పటాన్‌చెరులోని ఆ ఫ్యాక్టరీకి ఆయన మేనేజరుగా వచ్చి నాలుగు రోజులు. నాలుగు రోజులుగా చూస్తున్నాడు. పదకొండు కాగానే ఇనుప రేకులు కోసే మెషిన్ తనంతట తనే ఆగుతుంది. ఏడు నిమిషాలయ్యాక మళ్లీ తనే మొదలవుతుంది.

మెషిన్ ప్రోగ్రాం చూసుకునే తనుశ్రీ లేచి నిలబడింది.

"ఎవరూ ఆపలే సార్. ప్రోగ్రాంలనే అట్ల ఉంది."

"ప్రోగ్రాంలో పెట్టిందెవరు?"

"సూస్తే తెలుస్తది సార్." ఆమె కంప్యూటర్లో ఒక సైటు తెరిచింది. "మన ప్రోగ్రాం ఈడ పెట్టినం. ఏ లైను ఎవరు రాసిన్రు, ఎందుకు రాసిన్రు, అన్నీ ఉంటయి."

"ఫ్యాక్టరీ ప్రోగ్రాం తీసుకెళ్లి ఊరందరూ చూసే సైటులో పెట్టారా? బుద్ధుందా?"

"ఓపెన్ సోర్స్ సార్, ఎవరైనా సూడొచ్చు, వాడుకోవచ్చు. జాగకు కిరాయి గూడ తీస్కోరు. పోయిన వానకాలం ఇదే కంప్యూటర్ల నీళ్లు వడ్డయి. పొద్దుగాల ఖరాబైతే పగటాల్లకు మొత్తం ఈడికెళ్లే దించుకున్నం. మనకు దొరకని తప్పులు కోయంబత్తూరోళ్లు దొరకవట్టి, దిద్ది పంపుతరు. ఇప్పుడు నలభై వర్క్‌షాపులోళ్లు వాడుతున్నరు."

"ఉపన్యాసం చాలు. ఆ లైను చూపించు."

చూపించింది. పక్కనే ఉంది వివరం. పదకొండుకు ఏడు నిమిషాలు ఆపాలి. కారణం, రేకును కోసే మంట వచ్చే నాజిల్ వేడెక్కుతుంది. చెప్పింది యాదగిరి. రాసింది తనుశ్రీ.

"ఎవరీ యాదగిరి?"

షెడ్డు వెనక నుంచి యాదగిరి తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చాడు. ఆ మెషిన్ నడిపేది ఆయనే. ఇస్నాపూర్ మనిషి. అడిగితే తప్ప మాట్లాడడు. అడిగినా సగమే మాట్లాడతాడు.

"నాజిల్ వేడెక్కుతుందని చెప్పింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఎంతవరకు చదివావు?"

"మూడు."

"మూడేళ్ల డిప్లొమానా?"

"మూడో తరగతి సార్."

వెల్డింగు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సూర్యారావు ముఖం ఎర్రబడింది.

"తనుశ్రీ, ఆ లైను తీసెయ్. యాదగిరీ, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు. మధ్యాహ్నం కాగితం ఇస్తాను, తీసుకుని వెళ్లు."

యాదగిరి మెషిన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

తనుశ్రీ గొంతు సవరించుకుంది. "సార్, తీసే ముందు సైటుల చెప్పాలె. అందరు వాడుకుంటున్నరు గదా. అది పద్ధతి."

"చెప్పు. నా పేరుతోనే చెప్పు. రాసుకో. మూడో తరగతివాడి మాట పట్టుకుని పెట్టిన ఈ పనికిమాలిన ఏడు నిమిషాలు తీసేస్తున్నాం. అభ్యంతరం ఉన్నవాళ్లు ఒంటిగంటలోగా చెప్పండి. ఇట్లు, సూర్యారావు, మేనేజర్."

తనుశ్రీ ఒక్క అక్షరం మార్చకుండా రాసి పంపింది. ఆయన వెళ్లి కాగితం టైపు చేయించుకుని, సంతకం పెట్టి, ఒంటిగంటకు తిరిగి వచ్చాడు.

"ఎవరైనా పలికారా?"

"పదకొండు మంది సార్."

"ఏమిటంటారు?"

"తిడుతున్నరు సార్."

ఆయన కళ్లద్దాలు సవరించుకుని వంగి చదివాడు. కోయంబత్తూరు వాళ్లది మొదటిది. 'ఆ ఏడు నిమిషాలు ఆపినప్పటి నుంచి మూడు రోజులు వచ్చే నాజిల్ మాకు ఐదు రోజులు వస్తోంది. ముట్టుకోవద్దు.' రాజ్‌కోట్ వాళ్లు లెక్కలతో సహా పట్టిక పెట్టారు. జర్మనీ ఆయన రెండే వాక్యాలు రాశాడు. 'మేము కూడా పదకొండుకే ఆపుతున్నాము. ఇది కనిపెట్టిన ఇంజనీరుకు మా నమస్కారాలు చెప్పండి.'

సూర్యారావు రెండోసారి చదివాడు. చేతిలోని కాగితాన్ని మెల్లగా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"యాదగిరి గారూ."

గారు అనేసరికి యాదగిరి వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"ఏడే ఎందుకండీ? ఐదు చాలదా?"

"చాలది సార్. మస్తు కాలుతది."

"పోనీ పది?"

"మరీ సల్లగైతది."

"అనుభవం! అనుభవమంటే ఇదీ!" సూర్యారావు కుర్చీ లాక్కుని తనే కూర్చున్నాడు. "తనుశ్రీ, రాసుకో. పై ప్రకటన పొరపాటున వెలువడింది. ఈ విధానం మా ఫ్యాక్టరీలో, మా యాదగిరి గారు కనిపెట్టినది. నా పర్యవేక్షణలో అని కూడా చేర్చు."

"మీరొచ్చి నాలుగు రోజులే గద సార్?"

"చేర్చమ్మా, ఏం పోయింది?"

ఆయన యాదగిరి చెయ్యి పట్టుకుని ఊపి, జర్మనీ ఆయనకు ఏమని జవాబు రాయాలో గొణుక్కుంటూ ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకునేదాకా యాదగిరి కదల్లేదు. ఆ తర్వాత తనుశ్రీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, గా ఏడు నిమిషాలు రేపటి సంది పదకొండున్నరకు జరపొస్తదా? గా జర్మనీ సారుకు గూడ జెర చెప్పు."

"ఎందుకు కాకా? నాజిల్ అప్పుడింకా వేడెక్కుతదా?"

"నాజిల్ సంగతి నాకేం ఎర్క బిడ్డా? మల్లమ్మ చాయ్ బండి రేపటి సంది పదకొండున్నరకు వస్తదట."