రెయిలింగ్ ఇవతల

నీళ్ల సీసా, తడిగుడ్డ, పసుపు పొట్లం పట్టుకుని రాహేలు రెయిలింగ్ దగ్గర నిలబడింది.

కోచ్ కియారా ముందు ఆ మూడూ లాక్కుని తన సంచిలో వేసుకుంది.

"మంచిపని జేసినవ్ మేడం," అంది రాహేలు. "నన్ను గూడ గట్టిగ పట్టుకో. నా మీద నాకే నమ్మకం లేదు."

ఎలా ఉంటుంది? పోయినేడు ఇదే యూనివర్సిటీ స్కేటింగ్ రింక్‌లో, ఇదే రాష్ట్ర పోటీలో, కూతురు నిరోష జారిపడింది. పడీ పడగానే రాహేలు రెయిలింగ్ దాటి చెప్పులతో సహా లోపలికి ఉరికింది. కొంగుతో పిల్ల మోకాలు తుడిచింది.

ఆడే పిల్లను బయటివాళ్లు ముట్టుకుంటే ఆట రద్దు. జడ్జీలు నిరోష పేరు కొట్టేశారు.

హాస్టల్ మెస్సులో మూడొందల మందికి వండే మనిషికి ఆ రూల్ ఎవరు చెప్పారు గనక? పిల్ల పడితే తల్లి ఉరుకుతుంది. తార్నాకలో అయినా అంతే, అంబర్‌పేట్‌లో అయినా అంతే.

కోచ్‌గా ఆ రోజు కియారాకు కోపం రావాలి. రాలేదు. అసూయ కలిగింది.

ఇటలీలో ఆమె పదమూడేళ్లు మంచు మీద స్కేటింగ్ చేసింది. ఇరవై రెండో ఏట, జాతీయ పోటీల ఫైనల్లో పడిపోయింది.

ఎవరూ రాలేదు. ముందు వరసలో అమ్మ పక్కన కూర్చున్న నాన్న కుర్చీలోంచి కదల్లేదు.

పాట అయిపోయేదాకా ఆమె మంచు మీదే కూర్చుంది.

పార్థసారథిని పెళ్లాడి తార్నాక వచ్చాక, క్యాంపస్ రోడ్డు మీద గిరగిరా తిరుగుతున్న నిరోషను చూసేదాకా మళ్లీ స్కేట్స్ కట్టలేదు. ఈ ఊళ్లో మంచు లేకపోతేనేం, చక్రాలున్నాయి.

"ఫస్టొస్తెనే జాతీయ పోటీలకు పంపుతరు గద మేడం?"

"ఔ. ఫస్టే రావాలె," అంది కియారా. ఆమె తెలుగంతా రాహేలు దగ్గర నేర్చుకున్నదే.

పాట మొదలైంది.

నిరోష మొదటి రెండు జంపులూ అవలీలగా చేసింది. మూడోది ఆక్సెల్. ముందుకు దూసుకెళ్తూ ఎగిరి, గాలిలో ఒకటిన్నర చుట్టు తిరిగి, ఒంటికాలి మీద దిగాలి.

దిగలేకపోయింది. దబ్బున పడింది.

మోచెయ్యి గీరుకుపోయి రక్తం కనిపిస్తోంది. పిల్ల తలెత్తి రెయిలింగ్ వైపు చూసింది.

ఆ చూపు కియారాకు బాగా తెలుసు.

ఇంకేముంది, కోచమ్మ రూలూ గీలూ మరిచిపోయింది. ఒక కాలు రెయిలింగ్ మీద వేసేసింది.

వెనకనుంచి ఎవరో నడుం పట్టుకుని లాగారు. గంగాళాలు దించే చేతులవి, ఊడిరావు.

"ఆగు బిడ్డా," అంది రాహేలు. "అది లేస్తది. జర ఆగు, లేస్తది."

మూడేళ్లలో రాహేలు ఆమెను మేడం అని తప్ప పిలిచింది లేదు.

నిరోష ఇంకో క్షణం చూసింది. మోచెయ్యి గౌనుకు తుడుచుకుంది.

లేచింది.

పాట అప్పటికే ముందుకెళ్లిపోయింది. పరుగున అందుకుంది. చివర్లో, ఎవరూ అనుకోని చోట, మళ్లీ ఆక్సెల్‌కు ఎగిరింది.

ఒకటి. ఒకటిన్నర. ఒంటికాలి మీద నిలబడింది!

హాస్టల్ పిల్లలు బెంచీలు విరగ్గొట్టినంత పని చేశారు. మార్కుల బోర్డు మీద నిరోష పేరు అందరికంటే పైన వచ్చి కూర్చుంది.

"ఇగ పోవచ్చునా?" అంది రాహేలు.

"పో!" అంది కియారా, ఏడుస్తూ, నవ్వుతూ.

పక్కనే గేటుందన్న సంగతి మరిచి రాహేలు రెయిలింగ్ మీంచే దూకింది.

కియారా ఫోన్ తీసింది. ఇటలీలో అప్పుడప్పుడే తెల్లారుతోంది. తొమ్మిదేళ్లుగా పండగలకు తప్ప ఆమె పలకరించని తండ్రి కంగారుగా ఎత్తాడు.

"నాన్నా, మా పిల్ల గెలిచింది," అంది.

ఆ తర్వాత అడిగింది.

"ఆ రోజు నిన్ను ఎవరు పట్టుకున్నారు?"

ఏ రోజని ఆయన అడగలేదు.

"మీ అమ్మ," అన్నాడు.