నాకారా

"మూడుసార్లు పంపితే మూడుసార్లూ వద్దన్నవు! నా బిడ్డ పెండ్లి కార్డు నీకు గంత చేదైందా, వసంతా?"

పక్కింటి గంగక్క గోడమీది నుంచి అరిచేసరికి, వసంతమ్మ చేతిలోని బియ్యం చాట జారబోయింది. వానలకు మహారాష్ట్ర సరిహద్దులోని తెలుగోళ్ల ఊరు అంకిసలో రెండు రోజులుగా నెట్ లేదు. అందుకని గంగక్క కూతురు స్వాతి, తల్లి ఫోన్ నుంచి నెట్ అక్కర్లేకుండా ఇరుగుపొరుగు ఫోన్లకు కార్డు పంపుతోంది.

"నేనెందుకు వద్దంట అక్కా? వచ్చినప్పుడల్లా రమ్మనే ఒత్తిన!"

"అబద్ధం! వద్దన్నరని నా ఫోన్ల సాఫ్ పడ్డది."

స్వాతి గోడ చుట్టి వచ్చి కార్డు మళ్లీ పంపింది. "ఏది ఒత్తినవో చూపియ్యి, చిన్నమ్మా."

వసంతమ్మ ఫోన్‌లో రెండు మరాఠీ మాటలు వచ్చాయి. మరాఠీ బడిలో రెండో తరగతి దాకా చదివిన వసంతమ్మ అక్షరాలు కూడబలుక్కుంది.

"మొదటిదేందో తెల్వదు. రెండోది మాత్రం మన తెలుగే. నా... కా... రా. నాకా? రా! అని ఉన్నది గదనే."

స్వాతి పడీపడీ నవ్వింది. "అది మరాఠీ, చిన్నమ్మా! నాకారా అంటే 'వద్దు' అని!"

వసంతమ్మ మొహం చిన్నబోయింది. "పాడు ఫోను! అక్కకు నన్ను దూరం చేస్తుండె."

గంగక్క ఇంట్లోకి వెళ్లి, కుంకుమ భరిణెతో వచ్చింది.

"తప్పు నాదే. బొట్టు పెట్టి పిలువాల్సిన మనిషికి ఫోన్ల పంపిన."

వసంతమ్మ నుదురు ముందుకు వంచింది.

"నాకా? రా!"