సత్రం గంగాళం

దొర్నిపాడులో జనార్దనం ఇంటి ముందు ఆటోలోంచి సత్రం గంగాళం దించారు. మర్నాడు అతని మనవరాలు వర్షిణిని తొట్లెలో వేసే పండగ. వందమందికి పులిహోర ఆ ఇత్తడి గంగాళంలోనే కలపాలి.

ఆళ్లగడ్డ బస్సు దిగిన ముసలాయన ఒకడు దాని దగ్గర ఆగాడు. భుజాన కొలిమి ఊదే తోలు తిత్తి, చేతిలో సంచి. వంగి గంగాళం లోపలి అడుగు తడిమాడు.

"కళాయి పోయిందప్పా. ఇత్తడి బయటపడింది. ఒక గంట ఇస్తే తగరం పూత పూస్తా."

"ఎవరు నువ్వు?" అన్నాడు జనార్దనం.

"రాజరత్నం అంటారు. ఆత్మకూరులో ఉంటా."

"ఎంతడుగుతావ్?"

"దుడ్లు వద్దు. దీనికి తీసుకోను."

జనార్దనం కొడుకు మహేశ్ నవ్వాడు.

"దుడ్లు వద్దంటాండాడంటే గంగాళమే కావాల్నేమో నాయనా. పాతిత్తడి ఏం ధర పలుకుతాందో ఈయనకు తెలీదా?"

ముసలాయన కోపం తెచ్చుకోలేదు.

"పూత వద్దంటే మానె. చింతపండు పులుసు మాత్రం దీంట్లో పొయ్యొద్దప్పా. పులుపు తగిలితే పచ్చ చిలుం దిగుతాది. ఆ తిండి విషం. నేను కండ్లారా చూసినా."

"పండగ చేసుకుంటాంటే విషమంటావేందీ? పోతావా, పోలీసుల్ని పిల్చల్లా?" అన్నాడు జనార్దనం.

అరుగు మీది నుంచి జనార్దనం తల్లి భారతమ్మ అంది, "ఆయప్పను యాడో చూసినా. చెప్పేది విను నాయనా."

"నీకు అందరూ చూసినట్లే ఉంటారు లేమ్మా."

ముసలాయన పోతూ గంగాళం అంచును బొటనవేలితో మెల్లగా రుద్దాడు.

"చెయ్యి తియ్," అన్నాడు మహేశ్.

మర్నాడు తెల్లవారుతూనే పులిహోర కలిపారు. ముందు చుట్టాలు తిన్నారు. ఇంటివాళ్ల వంతు వచ్చేసరికి మూడయింది. అడుగున మిగిలింది గీకి పెట్టుకున్నారు. అక్కడక్కడ పచ్చగా కనిపిస్తే, కరివేపాకు అనుకుంది జనార్దనం భార్య అన్నపూర్ణ.

"పులుపు బాగ కుదిరిందే," అని భారతమ్మ మారు పెట్టించుకుంది.

గంట తిరక్కముందే వాంతులు. ఏడుగురిని ఆళ్లగడ్డకు, అక్కడి నుంచి నంద్యాలకు తీసుకుపోయారు.

"ఏ పాత్రలో కలిపినారు?" డాక్టరమ్మ అడిగింది.

"ఇత్తడి గంగాళంలో."

"కళాయి ఉందా?"

"పోయిందని చెప్పినా విన్లేదమ్మా," అన్నాడు జనార్దనం.

మూడో దినం ఆరుగురు ఇంటికొచ్చారు. భారతమ్మ రాలేదు.

కర్మలన్నీ అయిపోయాక జనార్దనం కొడుకును పిలిచాడు.

"ఆత్మకూరుకు పోయి ఆయప్పను పిల్చుకోని రా. మనం దొంగను చేసి పంపినాం."

మహేశ్ చెప్పులు వేసుకుంటున్నాడు. పెరట్లో అన్నపూర్ణ, సత్రానికి తిరిగి ఇవ్వడానికి గంగాళాన్ని బూడిదతో తోముతోంది. చిలుం వదిలేకొద్దీ అంచు మీద అక్షరాలు తేలాయి.

"ఏందో రాసుండాది, చూడు మహేశా."

అతను వంగి చదివాడు.

"బిడ్డ అర్చన జ్ఞాపకార్థం, దొర్నిపాడు సత్రానికి రాజరత్నం ఇచ్చిన గంగాళం."