పిరికిచీమకు కాపలా పని

మామిడికొమ్మ మీది గూట్లో తమ గుడ్ల కోసం వచ్చిన బల్లిని ఎర్రచీమల దండు తరిమేసింది. సేనాని బెల్లంముక్క తెప్పించి, "గెలిపించింది ఎవరర్రా?" అంది.

"పిరికిది ముందే కేక వెయ్యకపోతే మేమేం చేసేవాళ్ళం?" అంది బండచీమ.

పిరికిచీమ సిగ్గుపడింది. "ఆకు కదిలినా నాకు దడే. అందుకే అవ్వ నన్ను కాపలాకు వేసింది."

ఎవరికి ఏ పనో చూసే అవ్వచీమ వెనక్కి నక్కింది. ఈమధ్య పేర్లు మరిచిపోతోంది. అది బయటపడితే పని పోతుందని దాని దిగులు.

"అయితే బెల్లం అవ్వకే!" అంది సేనాని.

"వద్దమ్మా, నాకు ఈ పిరికిదాని అసలు పేరు కూడా గుర్తులేదు," అంది అవ్వ.

పిరికిచీమ పకపకా నవ్వింది. "పేరెందుకే అవ్వా? నా భయం గుర్తుంది, చాలదూ!"

"పేర్లు నేను పిలుస్తాలే, పనులు నువ్వే చెప్పు. ముందు నోరు తెరువు," అంటూ సేనాని బెల్లం తినిపించింది.