కంచె అవతలి చప్పుడు

డేనీ బంతి విసిరాడు.

కంచె అవతల నిలబడ్డ మనిషి జేబులో ‘టిక్’ మంది.

మళ్ళీ విసిరాడు. మళ్ళీ ‘టిక్’.

ఆ చప్పుడుకి సుగుణకుమారి అటు తిరిగి చూసింది. నర్సు డ్యూటీ దిగి, కొడుకుని ఇంటికి తీసుకెళ్దామని గ్రౌండుకి వచ్చిందామె. పదహారేళ్ళ డేనీ ఆస్ట్రేలియాలోని ఈ వెర్రిబీ ఊరి కుర్రాళ్ళ బేస్‌బాల్ టీములో పిచ్చర్. అంటే బంతి విసిరేవాడు.

ఆ మనిషికి అరవై ఏళ్ళుంటాయి. బ్రౌన్ టోపీ. జేబులోంచి బయటికి రాని చెయ్యి. డేనీ ముఖం వైపు కాదు, మోచేతి వైపే చూస్తున్నాడు.

“ఎవర్రా ఆయన?” కారెక్కాక అడిగింది.

“డోంట్ నో, మమ్. హి కమ్స్ ఎవ్రీ టైమ్.”

“నీతో ఏమైనా మాట్లాడతాడా?”

“నో. జస్ట్ వాచెస్.”

ఆ మాటతో ఆమెకున్న కాస్త ధైర్యమూ పోయింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ వార్తలు టీవీలో రోజూ చూస్తూనే ఉంది మరి.

ఇంట్లో భర్త జోజయ్య గాల్లో తేలుతున్నాడు.

“సుగుణా! కోచ్ ఫోన్ చేశాడు. మనవాణ్ణి పెద్ద టీములోకి తీసుకుంటారంట. దేశమంతా ఆడే కొత్త లీగు!”

“అప్పుడేనా? అక్కడంతా పాతికేళ్ళవాళ్ళు కదండీ!”

“అయితే ఏంటంట? మిషన్ స్కూల్లో నేను మూడులోంచి అయిదుకి దూకలా? డబుల్ ప్రమోషన్! ఏం, చెడిపోయానా? పైగా ఈ నెల్లో అమెరికా క్లబ్బు మనిషి వస్తాడంట, మంచి కుర్రాళ్ళని ఏరుకోడానికి. పెద్ద టీములో ఉంటేనే ఆయన కంట పడేది.”

జోజయ్య తన డబుల్ ప్రమోషన్ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో ప్రభువుకే తెలియాలి. తరగతి దూకడం వేరు, ఇది వేరు అని ఆయనకు చెప్పినవాళ్ళు లేరు.

మళ్ళీ ప్రాక్టీసు రోజున సుగుణకుమారి కారు తలుపు తీస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

“ఆ అబ్బాయి తల్లి మీరేనా?”

బ్రౌన్ టోపీ! యాస కూడా ఇక్కడిది కాదు.

“వాణ్ణి పెద్ద టీములోకి పంపకండి. ఈ వేసవికి వద్దు. పంపితే ఆ చెయ్యి మిగలదు.”

ఆమె గబుక్కున సీట్లోకి ఎక్కింది.

“బెదిరిస్తున్నారా?”

“అయ్యో, కాదు మేడమ్, నేను...”

అతని చెయ్యి జేబులోంచి వచ్చింది. అందులో ఏదో తళుక్కుమంది. అదేమిటో చూసే ధైర్యం ఆమెకు లేదు. అప్పటికే ఎక్కి కూర్చున్న కొడుకుతో సహా కారుని ముందుకి ఉరికించింది.

“మనోడి చెయ్యి విరగ్గొడతానంటన్నాడండీ!” ఇంటికొచ్చి ఏడ్చేసింది.

“ఓర్వలేనితనం!” అన్నాడు జోజయ్య. “వాళ్ళ పిల్లోణ్ణి తీసుకోలేదేమో. పోలీసులకి చెప్పు, తిక్క కుదురుద్ది.”

చెప్పింది. ఆ తర్వాత బ్రౌన్ టోపీ కంచె దగ్గర కనిపించలేదు.

ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం కూడా చెప్పింది. శత్రువు చేతిలోంచి దేవుడు నా బిడ్డను తప్పించాడని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అందరూ ఆమెన్ అన్నారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర డేనీ ఎడంచేత్తో అన్నం కలపబోయాడు.

“ఎడంచేత్తోనా?” జోజయ్య కసిరాడు. “నలుగురిలో ఇట్టాగే తింటావా?”

డేనీ చెయ్యి మార్చాడు. ముద్ద నోటిదాకా ఎత్తలేక కంచంమీదికి వంగాడు. సగం వదిలేసి లేచాడు.

ఆ మనిషికి బెదిరిపోయి పిల్లాడికి ఆకలి చచ్చింది అనుకుంది తల్లి. రోజూ పరాయివాళ్ళ నొప్పులు కనిపెట్టే నర్సే ఆమె.

పెద్ద టీములో మొదటి ఆట శనివారం మధ్యాహ్నం. గాలి ఊరవతలి మురుగునీటి ఫారం వైపునుంచి వీస్తోంది. సుగుణకుమారి కంచె ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెతికి చూసింది. ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంది.

డేనీ విసిరాడు. జనం చప్పట్లు కొట్టారు. మళ్ళీ విసిరాడు. కోచ్ కెవిన్ అతన్ని తప్పించి ఇంకొకణ్ణి పంపలేదు. డేనీ విసురుతూనే ఉన్నాడు.

ఉన్నట్టుండి ఒక బంతి ఎటో పక్కకి పోయింది. డేనీ మోచెయ్యి పట్టుకుని మోకాళ్ళమీద కూలబడ్డాడు. వాడి కేక స్టాండుదాకా వినపడింది.

ఆస్పత్రిలో డాక్టర్ ఎక్స్‌రే చూపించాడు. ముదరాల్సిన ఎముక ముదరకముందే విరిగింది. నొప్పి చాలా రోజులనుంచీ ఉండి ఉంటుందన్నాడు. ఇక బంతి విసరడం మర్చిపోవాలన్నాడు.

సుగుణకుమారికి ఎడంచేతి ముద్ద గుర్తొచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

కోచ్ కెవిన్ తల దించుకుని వచ్చాడు.

“తప్పు నాదే. ఆ అమెరికా మనిషి కంట పడాలని తొందరపడ్డాను.”

“వచ్చాడా ఆయన?” జోజయ్య గొంతులో ఇంకా ఎక్కడో ఆశ.

“చలికాలంనుంచీ ఇక్కడే ఉన్నాడట. తానెవరో చెప్పకుండా చూసి వెళ్ళడం వాళ్ళ పద్ధతి. ఇవాళ వాళ్ళ క్లబ్బు ఫోన్ చేస్తేనే నాకు తెలిసింది. పద్ధెనిమిది నిండాక డేనీని తీసుకుందాం, అప్పటిదాకా వాణ్ణి ఎవరూ పైకి లాగకూడదు అన్నాడట. పోయినవారమే వెళ్ళిపోయాడు. డేనీకిమ్మని మా ఆఫీసులో ఇది వదిలి వెళ్ళాడు. వేసే ప్రతి బంతినీ లెక్కపెట్టుకోమన్నాడట.”

అగ్గిపెట్టెంత స్టీలు వస్తువు తీసి ఆమెకిచ్చాడు.

సుగుణకుమారి బొటనవేలు తగలగానే అది ‘టిక్’ మంది, కంచె అవతల విన్న చప్పుడే.